పంటిగాట్లు

బండి స్టార్ట్ కాకపోతే మా నాన్న ముందు ఎవరో ఒకరి మీద చేయి చేసుకుంటాడు, ఆ తర్వాతే బానెట్ ఎత్తుతాడు. మా వీధిలో ఇదొక జోకు. "బ్యాటరీలో చార్జి ఉందో లేదో మీ నాన్న మీ అన్న చెంప మీద చూసుకుంటాడమ్మా" అని ఎదురుగా పంక్చర్లు వేసే ఆయన పళ్ళికిలించేవాడు. చెంప తనది కాదు కాబట్టి ఆయనకి నవ్వొచ్చేది. నాకు ఒళ్ళు మండేది.

మాది కార్లకి కరెంటు పని చేసే షెడ్డు. వెనకాలే ఇల్లు. వంటింటి కిటికీ తీస్తే బ్యాటరీ ఆసిడ్ వాసన, షెడ్డులో నిలబడితే మాడిన పాల వాసన. అమ్మ పోయాక మిగిలింది నాన్న, అన్నయ్య, నేను, తమ్ముడు. అన్నయ్యకి పెళ్ళయింది, పిల్లలున్నారు. నోట్లో నాలుక లేని మనిషి. తమ్ముడికి ముక్కు మీద కోపం, అచ్చం నాన్న పోలిక. నేను బ్యాటరీలు చార్జింగు పెడతాను, వాటిలో నీళ్ళు పోస్తాను, షెడ్డు ఊడుస్తాను. వైర్ల జోలికి మాత్రం నాన్న నన్ను రానిచ్చేవాడు కాదు. "ఆడపిల్లవి, నీకెందుకే షాకులు" అనేవాడు. కారు బ్యాటరీ షాకు కొట్టదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా చిన్నప్పుడు దాన్ని ప్రేమే అనుకున్నాను.

ఎర్రవైరు బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది. ఆకుపచ్చవైరు తాళం తిప్పాక ఇంజనుకి వెళ్తుంది. నల్లది ఎర్తు. మా షెడ్డు రూలు ఇదే. ఈ మూడు ముక్కలూ నాన్న కొడుకులకి నోటితో నేర్పలేదు. ఎరుపుకి కుడిచెంప, ఆకుపచ్చకి ఎడమచెంప, నలుపుకి వీపు. ఇప్పటికీ ఆకుపచ్చవైరు చేతిలోకి తీసుకోగానే తమ్ముడి తల దానంతటదే కుడివైపుకి ఒరుగుతుంది. వాడికి తెలియదు, నేను చూశాను.

అన్నయ్యకి రంగులు తెలియవు. ఇది అందరికీ తెలిసిన సంగతే, అందరికంటే బాగా అన్నయ్యకే తెలుసు. నాన్న బండి కింద పడుకుని "ఎర్రవైరు అందుకో" అని చేయి చాపేవాడు. అన్నయ్య అందించేవాడు. పని అయ్యాక చూస్తే బండి స్టార్ట్ అయ్యేది కాదు, లేకపోతే లైటు వేస్తే హారన్ మోగేది. "పచ్చది ఇచ్చి చచ్చావురా గుడ్డివెధవా!" అని నాన్న మీద పడేవాడు. అలా ఒకసారి కొట్టిన దెబ్బకి అన్నయ్య ఎడమచెవిలోంచి రక్తం కారింది. నేను స్కూలు నుంచి ఇంటికొచ్చేసరికి అమ్మ నేల కడుగుతోంది. ఆ చెవి మళ్ళీ వినపడలేదు.

తన కళ్ళే మంచివి కావని అన్నయ్య మనసులో పడిపోయింది. వైరింగు పూర్తిగా వదిలేసి స్పానర్ల పని పట్టాడు. ఎప్పుడూ తెల్లచొక్కాలే వేస్తాడు, అదీ గ్రీజు పని చేసే మనిషి! ఉతకలేక వదిన ప్రాణం పోతుంది. రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆగితే పక్కవాళ్ళని "వెళ్ళొచ్చా?" అని అడుగుతాడు. వీధిలో అతనికి బ్లాక్ అండ్ వైట్ అని పేరు పెట్టారు. అలా పిలిస్తే పలుకుతాడు కూడా.

ఆ రోజు సెలవు. వీధిలో షట్టర్లన్నీ దించి ఉన్నాయి. వదిన పిల్లల్ని తీసుకుని వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళింది. పొద్దున్నే నాన్న ఎక్కడికో పోదామని తన కారెక్కి తాళం తిప్పాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆ కారు సంగతి చెప్పాలి. పాతది. ఒకప్పుడు లోపల మంటలంటుకుని వైర్లన్నీ కాలిపోతే, కొత్త వైరింగంతా నాన్న ఒక్కడే, షెడ్డు తలుపులు మూసుకుని మరీ చేసుకున్నాడు. దాని మీద ఇంకెవరూ చేయి వేయకూడదు. అందులో బంగారం దాచాడేమోనని తమ్ముడు వెక్కిరించేవాడు.

హెడ్‌లైట్లు బాగానే వెలుగుతున్నాయి. హారన్ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. తాళం తిప్పితే మాత్రం డాష్‌బోర్డులో ఒక్క లైటూ రావడం లేదు, సెల్ఫ్ టిక్కుమని కూడా అనడం లేదు. అంటే బ్యాటరీలో లోపం లేదు. తాళం దగ్గరో, దాని చుట్టుపక్కలో ఎక్కడో వైరు వదిలేసింది. ఈ మాత్రం నేనూ చెప్పగలను. నాన్న డాష్‌బోర్డు కింద తల దూర్చి వెల్లకిలా పడుకున్నాడు. కాళ్ళు బయట, తిట్లు లోపల.

"ఎర్రవైరు అందుకో!"

అన్నయ్య వైర్ల డబ్బా ముందు కూర్చుని నా వైపు చూశాడు. ఎప్పుడూ అంతే, నేను ఉంటే కళ్ళతోనే అడుగుతాడు. నేను ఎర్రదాని వైపు తల ఊపాను. తీసి నాన్న చేతిలో పెట్టాడు. కాసేపటికి లోపల చిటపటమని నిప్పురవ్వలు లేచాయి. నాన్న కాలిన వేలు నోట్లో పెట్టుకుని బయటికి వచ్చాడు.

"ఎర్రదిరా నేనడిగింది!"

"ఎర్రదే ఇచ్చాను నాన్నా" అన్నాడు అన్నయ్య. "చెల్లి కూడా చూసింది."

అన్నయ్య ఆయనకి ఎదురు సమాధానం చెప్పడం నేను పుట్టాక వినలేదు. మెత్తగానే చెప్పాడు, అయినా నాన్న ముఖం నల్లబడింది.

"అవును నాన్నా, ఎర్రదే. నేను చూశాను" అన్నాను.

నాన్న చేతికందిన స్పానర్ నా మీదకి విసిరాడు. అది నా భుజం పక్కనుంచి పోయి ఆసిడ్ జాడీని బద్దలు కొట్టింది. ఆ వెంటనే గోడకి వేలాడుతున్న సెల్ఫ్ కేబులు లాగాడు. బొటనవేలంత లావు, చివర ఇత్తడి బిళ్ళ. మొదటి దెబ్బకి అన్నయ్య కనుబొమ చిట్లింది. రెండోది మెడ మీద. అన్నయ్య చేతులు అడ్డం పెట్టుకోలేదు. అడ్డం పెట్టుకుంటే ఇంకా ఎక్కువ పడతాయని ఎప్పుడో నేర్చుకున్నాడు. తెల్లచొక్కా మీద రక్తం కాలరు నుంచి జేబుదాకా దిగింది.

"కూతలు కూస్తావురా? నాకే ఎదురు చెప్తావురా? ఆ చెవితో పాటు ఈ చెవీ పోవాలిరా నీకు!"

నాన్న కేబులు పడేసి, ఎడమచేత్తో అన్నయ్య జుట్టు పట్టుకుని కుడిచెవి తనవైపుకి తిప్పుకున్నాడు. పిడికిలి బిగించి వెనక్కి లాగాడు. అది వినపడే చెవి. పిల్లల మాటలు వినే చెవి. నేను పరిగెత్తాను కానీ నాకంటే ముందు తమ్ముడు చేరాడు. వాడి చేతిలో జాకీ రాడ్డు ఉంది. ఎత్తినప్పుడు వాడి ముఖం చూశాను. అది నాన్న ముఖమే. అదే పళ్ళు కొరకడం, అదే మెడనరం.

దెబ్బ పడిన చప్పుడు తడిగా వినిపించింది. నాన్న కారు బానెట్ మీద పడి, అక్కడినుంచి జారి నేల మీద కూర్చుండిపోయాడు. చెవి పై నుంచి వెనకదాకా తల పగిలింది. రక్తం ఊరికే కారలేదు, ఉబికింది. తమ్ముడు రెండోసారి రాడ్డు ఎత్తాడు. అన్నయ్య, ఇంతసేపూ కదలని అన్నయ్య, నాన్న మీద అడ్డంగా పడ్డాడు.

"చాల్రా! చచ్చిపోతాడు!"

"చావనీ!" అని అరిచాడు తమ్ముడు. అరిచాక ఆ మాట వాడికే వినపడినట్టుంది. రాడ్డు చేతిలోంచి జారిపోయింది. "అక్కా... చంపేశానా?"

ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఆ క్షణంలో నాకు నాన్న మీద జాలి కలగలేదు. ఆయన పోతే తమ్ముడు జైలుకి పోతాడు, ఆ ఒక్కటే నా బుర్రలో తిరిగింది. నాకు తమ్ముడు కావాలి. తమ్ముడు మిగలాలంటే ఈయన బతకాలి. మడత పెట్టిన దుప్పటి నాన్న తలకి గట్టిగా అదిమి, ఇంకో చేత్తో అంబులెన్సుకి ఫోన్ చేశాను. ఊరవతల పెద్ద ప్రమాదం జరిగిందట, బళ్ళన్నీ అక్కడే ఉన్నాయట, ఆలస్యమవుతుందట. దుప్పటి అప్పటికే బరువెక్కింది.

"టాక్సీ?" అన్నాడు అన్నయ్య.

"మెయిన్ రోడ్డుదాకా మోసుకెళ్ళేలోపు మనిషి ఉండడు."

షెడ్డులో ఇంకో రెండు కార్లున్నాయి. ఒకదానికి ఇంజను లేదు, ఇంకోదానికి చక్రాలు లేవు. ఎంత గొప్ప మెకానిక్కులమో! మిగిలింది నాన్న కారు. ముగ్గురం కలిసి ఆయన్ని ఎత్తి వెనకసీట్లో పడుకోబెట్టాం. నేను ఆయన తల ఒళ్ళో పెట్టుకుని దుప్పటి అదిమి పట్టుకున్నాను.

"తోసి స్టార్ట్ చేద్దాం" అన్నాడు అన్నయ్య.

"డాష్‌బోర్డుకే కరెంటు రాకపోతే తోసి ఏం లాభం అన్నయ్యా? ఇంజనుకి కరెంటు పోవాలిగా" అంటూ తమ్ముడు డాష్‌బోర్డు కింది రేకు ఊడబెరికాడు. వైర్ల గుత్తి మొత్తం కిందికి వేలాడింది. ముందు టెస్ట్ ల్యాంప్ తీసి ఎర్రవైర్లు ఒక్కొక్కటీ గుచ్చి చూశాడు. ఎర్రవి బ్యాటరీ నుంచి నేరుగా రావాలి కదా, ల్యాంప్ వెలగాలి. ఒక్కదానిలోనూ వెలగలేదు.

"బ్యాటరీ నుంచి లోపలికి కరెంటే రావట్లేదు."

"హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి కదరా?"

"అదేగా అర్థం కానిది!" అని వాడు బానెట్ దగ్గరికి పరిగెత్తాడు. ఫ్యూజులు పీకి చూశాడు, బాగున్నాయి. బ్యాటరీ బిగింపులు గుంజి చూశాడు, గట్టిగా ఉన్నాయి. నాన్న గొంతులోంచి గురకలాంటి శబ్దం మొదలైంది. తమ్ముడికి ఇక ఓపిక లేదు. "ఇవన్నీ కాదు, డైరెక్టు ఇచ్చేద్దాం" అని బ్యాటరీ నుంచి ఒక పొడుగు వైరు లాక్కొచ్చి, ఇంజనుకి వెళ్ళేది ఇదేనని గుత్తిలోని ఆకుపచ్చవైరుకి తగిలించాడు.

ఫట్‌మని మంట లేచింది. వైరు పై తొడుగు కరిగి వాడి అరచేతికి అతుక్కుపోయింది. వాడు కేక పెట్టి చేయి విదిలిస్తే వైరుతో పాటు చర్మమూ ఊడొచ్చింది. హెడ్‌లైట్లు ఆరిపోయాయి. పెద్ద ఫ్యూజు పోయింది.

"అది పచ్చదేనా అసలు?" అన్నాను.

"కళ్ళు కనపడట్లేదా అక్కా? పచ్చదే! రూలు ప్రకారం ఇంజనుకే పోవాలి!" వాడు ఏడుస్తూ తలుపు మీద గుద్దాడు. "ఈ ముసలాడు బతికి చంపాడు, చచ్చీ చంపుతాడు."

అన్నయ్య వెళ్ళి ఫ్యూజు మార్చి వచ్చాడు. కనుబొమ నుంచి రక్తం కంట్లోకి కారుతుంటే భుజంతో తుడుచుకుంటున్నాడు. ముందుసీట్లో మోకాళ్ళ మీద కూర్చున్నాడు గానీ వైర్ల గుత్తిని ముట్టుకోలేదు. చేయి దానిదాకా పోయి ఆగిపోతోంది. "నాకు తెలియదు కదే చెల్లీ... నేను చూస్తే ఇంకా తప్పవుతుంది" అన్నాడు.

అప్పుడు నాన్న కళ్ళు తెరిచాడు. ఎర్రవైర్లో కరెంటు లేదని తమ్ముడన్న మాట ఆయన తలలో ఎక్కడో తిరుగుతున్నట్టుంది.

"ఎర్రదాంట్లో... ఉంటదిరా కుక్కా" అన్నాడు. నాలుక మొద్దుబారి మాట ముద్దగా వచ్చింది. నేను వద్దంటున్నా తల ఎత్తి, రెండు సీట్ల మధ్యనుంచి చేయి ముందుకి చాపాడు. గుత్తిలోకి వేళ్ళు పోనిచ్చి ఒక్కో వైరునీ బొటనవేలితో తడిమాడు. ఒకటి వదిలాడు. ఇంకోటి వదిలాడు. మూడోదాని మీద వేలు ఆగింది. దాన్ని గుంజి చూపించాడు.

"ఇదీ... ఎర్రది."

అది ఆకుపచ్చది. గడ్డిలా పచ్చగా ఉంది.

ఆయన చేయి జారిపోయింది. షెడ్డులో ఆసిడ్ బుసబుసమంటూ నేలని తింటోంది. నేను ముందుకి వంగి ఆ వైరు చూశాను. కొసకి జానెడు దూరంలో తొడుగు మీద ఒక గాటు ఉంది. పంటిగాటు. నాన్న వైర్ల కొసలు పళ్ళతో కొరికి ఒలుస్తాడు, అది ఆయన అలవాటనుకున్నాం. కానీ రోజూ ఊడ్చేది నేను. చెత్తలో పడే వైరు ముక్కల మీద, ఒలిచిన చోట కాకుండా దానికి వెనకగా, విడిగా గాట్లుండేవి. కొన్నిటికి ఒకటి, కొన్నిటికి రెండు, కొన్నిటికి మూడు. ముసలాడికి ఏమీ తోచక నములుతున్నాడులే అనుకునేదాన్ని.

నమలడం కాదు. గుర్తు పెట్టుకోవడం.

ఈయనకే రంగులు తెలియవు. ఎరుపూ ఆకుపచ్చా ఈయన కంటికి ఒక్కటే. అన్నయ్య ఇచ్చిన ఎర్రవైరు కింద పెట్టి, మళ్ళీ తడుముకుని పక్కనున్న పచ్చది తీసి బిగించేవాడు. బండి స్టార్ట్ కాకపోతే తన కళ్ళని ఎవరైనా అనుమానించేలోపే అన్నయ్య చెంప పగలగొట్టేవాడు. అమ్మ ఉన్న రోజుల్లో స్టూలు వేసుకుని నాన్న పక్కన కూర్చునేది, వైర్లు ఆవిడే తీసి నాన్న చేతిలో పెట్టేది. మొగుడంటే ఎంత ప్రేమో అనేవాళ్ళు. అమ్మకి తెలుసు. తెలిసి, కొడుకు రక్తం కడుగుతూ కూడా నోరు మెదపలేదు. చచ్చిపోయిన మనిషి మీద అంత కోపం వస్తుందని నాకు తెలియదు.

కొడుకులకి పడిన దెబ్బల్లో ఒక్కటి కూడా కూతురికి పడలేదని నాన్న నా గురించి గర్వంగా చెప్పుకునేవాడు. నిజమే. నన్ను కొట్టి నేర్పలేదు కాబట్టే ఆ రూలు నా ఒంట్లోకి ఎక్కలేదు. తమ్ముడు ప్రాణం మీదకొచ్చినా దాన్ని వదలలేకపోయాడు.

"రంగులు మర్చిపోండి" అన్నాను. "ఇద్దరూ వినండి. రూలు లేదు, పాడూ లేదు. గాట్లు చూడండి. ఒక గాటున్న వైరు బ్యాటరీది. గుచ్చి చూడరా."

తమ్ముడు కాలని చేత్తో ఆ ఆకుపచ్చవైరుకి ల్యాంప్ గుచ్చాడు. భగ్గున వెలిగింది.

"మరి ఎర్రది కదా బ్యాటరీది..." అన్నాడు వాడు పిచ్చివాడిలా.

"ఆయన ఎర్రదనుకునే వేశాడు. అన్నయ్యా, నువ్వు చూడు. తాళం వెనక ఒక గాటున్న వైరు ఎక్కడిదాకా పోయిందో చూడు."

"చెల్లీ, నాకు..."

"నీ చేతిలో ఉన్నది ఏ రంగు?"

"నన్నడుగుతావేంటే?"

"చెప్పు అన్నయ్యా!"

అతను వైరు వైపు చూశాడు. దెబ్బ పడబోతున్నట్టు మెడ భుజాల్లోకి కుంచించుకుపోయింది. "పచ్చ... అనుకుంటా."

"పచ్చే. దాని పక్కది?"

"ఎరుపు."

"ఎరుపే. నీకు అన్నీ కనిపిస్తాయి. నీకు ఎప్పుడూ కనిపించాయి. కనపడనిది ఈయనకి."

అన్నయ్య వెనక్కి తిరిగి నా ఒళ్ళో ఉన్న తలని చూశాడు. అతని ముఖంలో ఏం జరిగిందో నేను చెప్పలేను. చేతిలోని కటింగ్ ప్లయర్ని అంత గట్టిగా పట్టుకున్నాడంటే, దాన్ని నాన్న గొంతులో దింపుతాడేమోనని నా పై ప్రాణాలు పైకే పోయాయి. దింపినా అడ్డుపడేదాన్ని కాదేమో. అంతలో తమ్ముడు కాలిన చేయి పొట్టకి అదుముకుని చిన్నపిల్లాడిలా "అన్నయ్యా, తొందరగా" అన్నాడు.

అన్నయ్య ముందుకి తిరిగాడు. ఈసారి చేయి ఆగలేదు. స్టీరింగు కింది రేకు విరగ్గొట్టి తాళం వెనక్కి వేళ్ళు పోనిచ్చాడు. ఒక గాటున్న వైరు అక్కడిదాకా వచ్చింది గానీ తాళానికి తగిలి లేదు. దాన్ని పట్టుకోవాల్సిన చిన్న బిళ్ళ కాలి నల్లబడి ఊడిపోయి ఉంది. అంతే రోగం. ఒక బిళ్ళ ఊడిపోయినందుకు ముగ్గురి రక్తం ఆ సీట్ల మీద ఉంది. అన్నయ్య మాడిన కొస కత్తిరించాడు, తొడుగు ఒలిచాడు, వైరుని నేరుగా తాళం కొసకి మెలితిప్పి బిగించాడు. పొద్దున నాన్న తప్పుగా ఒక పచ్చవైరుని ఎర్తుకి కలిపేసిన ఎర్రముక్కని కూడా కత్తిరించి పీకేశాడు; ఇందాక తమ్ముడి చేయి కాల్చింది అదే. కత్తిరించిన ముక్కలు ఎందుకో చొక్కా జేబులో వేసుకున్నాడు.

తాళం తిప్పాడు. డాష్‌బోర్డు వెలిగింది. సెల్ఫ్ కొట్టింది. ఇంజను అందుకుంది.

అన్నయ్యే నడిపాడు. వీధి మలుపు తిరిగేటప్పుడు ఒక పక్క అద్దం పంక్చరు షాపు స్తంభానికి తగిలి ఊడిపోయింది, ఎవరూ వెనక్కి చూడలేదు. నాన్న తల నా ఒళ్ళో అటూ ఇటూ దొర్లుతోంది. నా బట్టలు మోకాళ్ళదాకా తడిసిపోయాయి. పెద్ద సిగ్నల్ దగ్గర అన్నయ్య అలవాటుగా బ్రేకు వేసి, "వెళ్ళొచ్చా?" అన్నాడు.

"నువ్వే చూడు" అన్నాను.

చూశాడు. "ఎరుపు" అన్నాడు.

"ఎరుపే. అయినా పోనీ!"

హారన్ మీద చేయి పెట్టి, ఎదురుగా వస్తున్న బస్సుని ఒరుసుకుంటూ దూసుకుపోయాడు. బస్సు డ్రైవరు మా పుట్టుపూర్వోత్తరాలన్నీ తిట్టాడు. తమ్ముడు ఏడుస్తూనే నవ్వాడు.

నాన్న బతికాడు. తల గొరిగి కుట్లు వేశారు, రక్తం ఎక్కించారు. డాక్టరు బయటికొచ్చి ఇక ప్రాణానికి భయం లేదని చెబితే తమ్ముడు గోడకి ఆనుకుని అలాగే కిందికి జారిపోయాడు. వాడి చేతికి కట్టు కట్టారు, అన్నయ్య కనుబొమకి కుట్లు వేశారు. ఎవరినీ ఎవరూ ఏమీ అడగలేదు. అడిగేవాడు తర్వాత వచ్చాడు. తల పగిలిన కేసు కదా, ఆసుపత్రివాళ్ళు పోలీసులకి కబురు పెట్టారు.

పోలీసాయన మా నాన్న వయసువాడే. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. మేం ముగ్గురం కాళ్ళ వైపు వరుసగా నిలబడ్డాం.

"పెద్దాయనా, తెలివిలోకి వచ్చారుగా. మిమ్మల్ని ఎవరు కొట్టారో చెప్పండి."

తమ్ముడు నోరు తెరవబోయాడు. వాడి మోచేతిని గోళ్ళు దిగేలా నొక్కాను. నాన్న కళ్ళు మా మీద తిరిగాయి. తమ్ముడి దగ్గర ఆగాయి. ఆ రాడ్డు ఎవరెత్తారో ఆయనకి తెలుసు, ఆ చూపులోనే ఉంది. తర్వాత కళ్ళు అక్కడినుంచి జరిగాయి, ఎప్పుడూ ఎక్కడికి పోతాయో అక్కడికే పోయాయి.

"వీడే" అన్నాడు అన్నయ్య వైపు గడ్డం చూపిస్తూ. "పెద్దోడు. వాడికి కళ్ళు సరిగ్గా కనపడవు. వాడి తప్పు ఎత్తి చూపానని నా మీద పడ్డాడు."

నాకు ఆ కుట్లన్నీ వేళ్ళతో పీకేయాలనిపించింది. పోలీసాయన అన్నయ్య రక్తం చొక్కాని ఎగాదిగా చూశాడు. "ఏమయ్యా, నిజమేనా?"

అన్నయ్య తల దించుకున్నాడు. నాకు తెలిసిన తల దించుకోవడమే అది. ఒప్పేసుకుంటాడు. ఇంతకాలం వేరే వాడి తప్పు మోసినవాడికి తమ్ముడి తప్పు మోయడం ఒక లెక్కా? తమ్ముడు "కాదు సార్, నేనే..." అని ఎవరికీ వినపడకుండా గొణిగాడు.

కానీ అన్నయ్య తల దించింది జేబులో చేయి పెట్టడానికి. రెండు వైరు ముక్కలు తీశాడు. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. రెండూ చూపుడువేలంత పొడుగు, దేని మీదా గాటు లేదు. మంచం పక్కకి వెళ్ళి వాటిని నాన్న ఛాతీ మీద, తెల్లదుప్పటి మీద పక్కపక్కన పెట్టాడు. నాన్న చెవి దగ్గరికి వంగాడు.

"నాన్నా" అన్నాడు. "ఎర్రవైరు అందుకో."

నాన్న ముఖంలో రంగు పోయింది.

"ఏంటయ్యా ఇది?" అన్నాడు పోలీసాయన.

"ఏం లేదు సార్. కళ్ళు కనపడని వాడెవడో మీరూ చూద్దురుగాని. ఎర్రది తీసి నా చేతిలో పెడితే చాలు. అప్పుడు ఆయన ఏం చెప్తే అది నిజమని సంతకం పెడతాను."

నాన్న చేయి దుప్పటి మీదకి వచ్చింది. బొటనవేలు ఒక ముక్క మీద పాకింది, నున్నగా ఉంది. రెండోదాని మీద పాకింది, అదీ నున్నగానే ఉంది. మళ్ళీ మొదటిదాని మీదకి వచ్చింది. నర్సు చూస్తోంది, పక్క మంచం మనిషి చూస్తున్నాడు. నాన్న నుదుటి మీద కట్టు కింద చెమట పట్టింది. జీవితంలో మొదటిసారి ఆయన అన్నయ్య ముఖంలోకి చూశాడు, ఆ చూపులో కోపం లేదు. బతిమాలుతున్నాడు.

అన్నయ్య ముక్కలు తీయలేదు. అరచేయి చాపి అలాగే నిలబడ్డాడు.

"పడ్డాను" అన్నాడు నాన్న.

"ఆఁ?"

"ఎవరూ కొట్టలేదు. కాలు జారి జాకీ మీద పడ్డాను. ఇందాక మత్తులో ఏదో అన్నాను."

పోలీసాయన అందరి ముఖాలూ చూశాడు. నమ్మలేదు. అయినా ఇంటి గొడవల్లో తల దూర్చే ఓపిక ఆయనకీ లేనట్టుంది. "ఇదే రాసుకోమంటారా?" అని రెండుసార్లు అడిగి, నాన్న రెండుసార్లు తల ఊపాక లేచి వెళ్ళిపోయాడు. తమ్ముడు నా భుజం మీద తల పెట్టేశాడు.

అన్నయ్య వైరు ముక్కలు తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. నేనూ వెళ్ళి బెంచీ మీద అతని కుడివైపున, వినపడే వైపున కూర్చున్నాను. ఎదురుగా గోడకి నీలంరంగు, తలుపుకి ఆకుపచ్చ, దాని మీద ఎర్రరంగుతో ఏదో రాసి ఉంది. అతను వాటిని ఒక్కొక్కటే చాలాసేపు చూశాడు. తర్వాత చెవి వైపు చేయి పోయింది, ఎడమచెవి వైపు.

"ఆ రోజు కూడా నేను ఎర్రదే ఇచ్చాను" అన్నాడు.

"ఎర్రదే అన్నయ్యా" అన్నాను.